ఖండం మధ్యలో ఒక టీ

గ్రాండ్ ఫోర్క్స్ నుంచి మైనాట్ వెళ్తూ దారిలో రగ్బీలో ఆగాం. అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రంలో పియర్స్ కౌంటీకి ఇదే ముఖ్య పట్టణం. జనాభా 2,500 దగ్గర. మన దగ్గరైతే దీన్ని ఓ మోస్తరు ఊరు అంటాం. ఇక్కడ మాత్రం కోర్టు, ఆసుపత్రి, షికాగో-సియాటిల్ మధ్య తిరిగే రైలు ఆగే స్టేషన్, అన్నీ ఉన్నాయి. చుట్టుపక్కల రైతులకు ఏ పనున్నా ఇక్కడికే రావాలి.

రెండో నంబరు హైవే పక్కన రాళ్లతో కట్టిన స్తూపం ఉంది. ఉత్తర అమెరికా ఖండానికి భౌగోళిక కేంద్రం ఇదేనట! 1930ల మొదట్లో కట్టారు. 1971లో రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాన్ని కాస్త పక్కకు జరిపారు. కేంద్రం కూడా జరిగిందా అని మావారు ఒకటే నవ్వు. అసలు ప్రభుత్వ సర్వే వాళ్లు లెక్కగట్టిన చోటు బాల్టా అనే చిన్న ఊరికి 6 మైళ్లు పడమరగా ఉందట. అది కూడా ఉజ్జాయింపే. అయినా హైవే మీద ఉన్నవాళ్లకే పేరు దక్కింది.

గాలి మాత్రం మామూలుగా లేదు. ఎటు చూసినా చదును నేల, ధాన్యం నిల్వ చేసే ఎత్తైన ఎలివేటర్లు, ఆపైన ఆకాశం. ఫ్లాస్కులో తెచ్చిన అల్లం టీ స్తూపం పక్కనే నిలబడి తాగాం. సగం గాలికే పోయింది. ఫొటోలో నా చున్నీ తప్ప ఇంకేమీ కనబడలేదు.