ఎండగట్టి దించిన బరువు

67 కిలోల విభాగంలో కిక్‌బాక్సింగ్ ఆడేవాణ్ని. మామూలుగా నా బరువు 73. ఆ ఆరు కిలోలు ఎలా దించుతారో ఈ ఆటలో అందరికీ తెలుసు, పైకి ఎవరూ చెప్పరు. అందులో సగం, అన్నం, ఉప్పు మానేస్తే వారంలో పోతుంది. కండరాల్లో దాచుకున్న గ్లైకోజన్ అనే పిండిపదార్థం గ్రాముకు మూడు గ్రాముల నీళ్లు పట్టి ఉంచుతుంది, అది ఖాళీ అవుతుంది. మిగతా సగమే చెమట. ప్లాస్టిక్ సూటు, దాని మీద స్వెట్టర్, స్కిప్పింగ్ తాడు, చివరి రాత్రి నీళ్లు బంద్, చూయింగ్ గమ్ నమిలి డబ్బాలో ఉమ్మడం. విశాఖ మే నెల ఉక్కలో సూటు లోపల చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. నీళ్లు పోతాయి, వేడి లోపలే ఉండిపోతుంది.

కాటా 67 చూపించింది. మర్నాడు బౌట్ గెలిచాను కూడా. ఎదుటివాడు మూడు రౌండ్లూ నా ఎడమ తొడనే చూసుకుని తన్నాడు. ఎండిపోయి వేడెక్కిన కండరం మీద తన్నులు పడితే కణాలు పగిలి లోపలి మయోగ్లోబిన్ అనే ప్రొటీన్, పొటాషియం రక్తంలోకి వచ్చేస్తాయి. మయోగ్లోబిన్ మూత్రపిండాల సన్నగొట్టాల్లో పేరుకుని అడ్డుపడుతుంది. ర్యాబ్డోమయోలిసిస్ అంటారు. ఆ రాత్రికి తొడ బిగుసుకుపోయి మోకాలు వంగలేదు. మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది.

మొదట వెళ్లిన నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ డాక్టర్ నవ్వాడు. "తన్నులు తినేవాళ్లకి ఇవన్నీ మామూలే కదా గురూ. కిడ్నీకి దెబ్బ తగిలుంటుంది, రెండ్రోజుల్లో తగ్గిపోద్ది." డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేసి పంపేశాడు. ఆ మాట కంటే ఆ సూది మీదే నాకు ఎక్కువ కోపం. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు మూత్రపిండానికి రక్తం తెచ్చే నాళాలను తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. ఆ నొప్పి మందు సరిగ్గా వాటినే ఆపేస్తుంది.

మర్నాడు వేరే ఆసుపత్రిలో ల్యాబ్ కుర్రాడొకడు నన్ను బతికించాడు. మూత్రంలో ముంచిన స్ట్రిప్ రక్తం ఉందంది. మైక్రోస్కోప్ కింద చూస్తే ఎర్ర కణాలే లేవు. ఈ రెండూ కలిస్తే ముందు అనుమానించాల్సింది మయోగ్లోబిన్‌ని. రిపోర్టులో రాసి ఊరుకోలేదు, వార్డుకు ఫోన్ చేశాడు. కండరం పగిలితే రక్తంలో పెరిగే ఎంజైమ్ సీపీకే. అది 200 లోపు ఉండాల్సింది, నాకు అరవై వేలు దాటింది. మూత్రపిండాలు పనిచేయకపోతే పెరిగే క్రియాటినిన్ 4.1. పొటాషియం 6.9. రెండూ ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ.

ఆ రాత్రి తొడ నొప్పి సంగతి గుర్తులేదు. మానిటర్ గుర్తుంది. పొటాషియం పెరిగి గుండె గీతలో (ఈసీజీ) టి తరంగాలు మొనదేలి నిటారుగా లేచాయని జూనియర్ డాక్టర్ సిస్టర్‌తో అనడం వినిపించింది. అమ్మను బయటికి పంపేశారు. కాల్షియం గ్లూకోనేట్ మెల్లగా ఎక్కిస్తుంటే ఒళ్లంతా సెగ పాకింది. ఆ మందు పొటాషియాన్ని తగ్గించదు, గుండె లయ తప్పకుండా కాసేపు కాస్తుంది, అంతే. ఆ వ్యవధిలో ఇన్సులిన్, గ్లూకోజ్ ఇచ్చి పొటాషియాన్ని మళ్లీ కణాల్లోకి తోస్తారు. గంటకు కనీసం 200 మిల్లీలీటర్ల మూత్రం రావాలట. సంచి అడుగున ఇరవై కూడా లేదు. "ఎంతొచ్చింది సిస్టర్?" అని ప్రతిసారీ అడిగేవాణ్ని. "వస్తుందిలే బాబూ" అనేది. అంకె మాత్రం చెప్పేది కాదు. ఆవిడకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

డయాలసిస్, సెలైన్ల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. మూత్రం తిరిగి రావడం మొదలైంది, సీపీకే రోజుకు దాదాపు సగం చొప్పున దిగింది. ఆషాఢ పౌర్ణమికి నా చేత గిరిప్రదక్షిణ చేయిస్తానని అమ్మ సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంది. "32 కిలోమీటర్లా? వచ్చే ఏడు చూద్దాంలే అమ్మా, స్వామి ఆగుతాడు" అన్నారు నెఫ్రాలజిస్టు గారు. స్వామి ఆగాడు. మరుసటి ఏడు నడిచాను. అప్పన్నకూ ల్యాబ్ కుర్రాడికీ మధ్య లెక్క తేల్చే పని నేను పెట్టుకోలేదు.

మా మాస్టారు మాత్రం మంచం పక్కన నిలబడి "నీకు కట్ చేతకాలేదురా" అన్నారు. కట్ అంటే ఇలా బరువు దించడమే. 1997లో అమెరికాలో నెలా పదిరోజుల్లోపే ముగ్గురు కాలేజీ రెజ్లర్లు ఇలాగే చెమటోడ్చి చనిపోయారు. 2015లో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఆడే చైనా కుర్రాడు యాంగ్ జియాన్ బింగ్ బరువు దించుతూ 21 ఏళ్లకే పోయాడు. ఆ తర్వాతే ఆ పోటీలు నడిపే వన్ ఛాంపియన్‌షిప్ సంస్థ ఆటగాళ్ల మూత్రం చిక్కదనం పరీక్షించడం మొదలుపెట్టింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెజ్లర్ వినేశ్ ఫోగట్ రాత్రంతా ఒళ్లు ఎండగట్టినా 100 గ్రాములు మిగిలాయి. వీళ్లెవరికీ చేతకాలేదా మాస్టారూ?

తొడల మీద తన్నులు ఇక వద్దన్నారు డాక్టర్లు. చేతులు మిగిలాయి కాబట్టి బాక్సింగ్ జిమ్ పెట్టాను. రేకుల షెడ్డే. పంచింగ్ బ్యాగుల్లో ఇసక పోయను. అది అడుగుకు దిగి గట్టిపడి మణికట్లు విరుస్తుంది, అందుకే టైలర్ల దగ్గర గుడ్డపీలికలు తెచ్చి కూరతాను. గుమ్మం దగ్గరే కాటా, నోటుబుక్కు. వచ్చేటప్పుడొకసారి, బ్యాగుల రౌండ్లు అయ్యాక ఒకసారి తూకం. 60 కిలోల పిల్లాడు 1.2 కిలోలకు మించి దిగితే ఆరోజు స్పారింగ్ (ఎదురెదురుగా తలపడే సాధన) లేదు. తగ్గిన ప్రతి కిలోకూ లీటరున్నర తాగాలి, ఒక్క గుక్కలో కాదు, గంటల మీద, కొంత ఉప్పేసిన మజ్జిగగా. ప్లాస్టిక్ సూటుతో వస్తే గేటు బయటే. ఒంట్లో నీళ్లను మూత్రంగా పోగొట్టే లాసిక్స్ బిళ్ల అడిగినవాడికి అది డోపింగ్ జాబితాలో ఉందని ముందు చెబుతాను, తర్వాత వాళ్ల నాన్నకు ఫోన్ చేస్తాను. పద్దెనిమిది లోపు పిల్లలకు బరువు దించడమే లేదు. పెద్దవాళ్లకు వారానికి ఒంటి బరువులో ఒకటిన్నర శాతం, అదీ తిండి సర్దుకుని.

"ఒక్క కిలోనే కదా సార్" అంటారు తల్లిదండ్రులు. అమెచ్యూర్ బాక్సింగ్‌లో బౌట్ ఉన్నరోజు పొద్దున్నే తూకం. పోయిన నీళ్లు తిరిగి కండరానికి పట్టేంత టైమే ఉండదు. పై విభాగంలో ఆడించండి అంటాను. కొందరు పిల్లాణ్ని వేరే జిమ్‌కి మార్చేశారు.

గట్టి వ్యాయామం తర్వాత ఒళ్లు బిగుసుకుని మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే నొప్పి బిళ్ల వేసుకోకండి. అదే రాత్రి ఆసుపత్రికి వెళ్లి సీపీకే, క్రియాటినిన్, పొటాషియం మూడూ చేయమని అడగండి. దెబ్బలు తిన్నారు కాబట్టి మామూలే అని అవతలివాళ్లు అంటే, అక్కడ కూర్చోకుండా ఇంకో ఆసుపత్రికి వెళ్లండి.