అమ్మమ్మ ఊరికి నాన్న సంతకం

నిరుడు వేసవిలో రాజమండ్రిలో మా అమ్మకు మోకాలి శస్త్రచికిత్స నిర్ణయమైనప్పుడు, మా ఎనిమిదేళ్ల అబ్బాయితో కలిసి వెళ్లి ఐదు వారాలు ఉండి రావాలని నేను ముందే టికెట్లు కొనేశాను. నేనూ బాబు నాన్నా ఇంగ్లండ్‌లోనే విడివిడిగా ఉంటూ అప్పటికి రెండేళ్లయింది. బాబు నా దగ్గర ఉంటాడు, శని ఆదివారాలు వాళ్ల నాన్న దగ్గరికి వెళ్తాడు. ప్రయాణం సంగతి ఆయనకు ఒక్క వాక్యంలో తెలియజేశాను. తాను ఒప్పుకోవడం లేదని ఆయన కూడా ఒక్క వాక్యంలోనే జవాబిచ్చారు.

"కన్నతల్లివి, నీ బిడ్డను నువ్వు తెచ్చుకోవడానికి ఇంకొకరి సంతకం దేనికే?" అని అమ్మ ఫోనులో బాధపడింది. నాకూ అదే అనిపించింది. కానీ ఇంగ్లండ్ చట్టం అలా చూడదని న్యాయవాది దగ్గర కూర్చున్నాక అర్థమైంది. బిడ్డ పుట్టేనాటికి తల్లిదండ్రులు దంపతులై ఉంటే బాధ్యత ఇద్దరికీ సమానంగా ఉంటుంది, విడిపోయినంత మాత్రాన అది పోదు. 1984 నాటి బాలల అపహరణ చట్టం ప్రకారం, అలా బాధ్యత ఉన్న రెండో వ్యక్తి అంగీకారం గానీ కోర్టు అనుమతి గానీ లేకుండా పదహారేళ్ల లోపు బిడ్డను దేశం దాటిస్తే, దాటించింది కన్నతల్లే అయినా అది నేరం, దానికి ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో కోర్టు ఉత్తర్వు ఇచ్చి ఉంటే, ఆ వ్యక్తి 28 రోజుల వరకు బిడ్డను బయటి దేశానికి తీసుకువెళ్లవచ్చు. మాకు అలాంటి ఉత్తర్వే లేదు. ఉన్నా నా ఐదు వారాలు ఆ గడువులో ఇమిడేవి కావు.

ఆయన ఒప్పుకోకపోతే కోర్టును అనుమతి అడగవచ్చు. అయితే వెళ్లేది భారతదేశానికి కాబట్టి అది అంత తేలిక కాదని న్యాయవాది చెప్పారు. ఒక దేశం నుంచి అక్రమంగా తరలించిన పిల్లలను త్వరగా తిరిగి పంపడానికి 1980లో హేగ్‌లో కుదిరిన ఒప్పందంలో 100కు పైగా దేశాలు ఉన్నాయి, మన దేశం లేదు. అలాంటి దేశానికి వెళ్తామన్నప్పుడు ఇక్కడి న్యాయమూర్తి మూడు విషయాలు తూచి చూస్తారు: తల్లి లేదా తండ్రి మాట తప్పే అవకాశం ఎంత, తప్పితే బిడ్డకు జరిగే నష్టం ఎంత, అలా జరగకుండా పెట్టుకున్న రక్షణలు ఎంత గట్టివి.

ఆ రాత్రి నేను మన సుప్రీంకోర్టు తీర్పులు రెండు చదివాను. 2017 నాటి కేసులో తల్లి బ్రిటన్ నుంచి కూతురిని ఢిల్లీకి తీసుకువచ్చింది. పాపను తిరిగి పంపాలని ఇంగ్లండ్ కోర్టు ఆదేశించినా, విదేశీ కోర్టు ఉత్తర్వు పరిగణించవలసిన అంశాల్లో ఒకటి మాత్రమేనని, బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమని చెప్పి సుప్రీంకోర్టు పాపను తల్లి దగ్గరే ఉండనిచ్చింది. 2019లో హైదరాబాద్ కుటుంబ న్యాయస్థానం నుంచి వెళ్లిన ఒక కేసులో మాత్రం, అమెరికాలో పుట్టి పెరిగిన ఇద్దరు పిల్లలతో తల్లి ఆ దేశానికి తిరిగి వెళ్లాలని అదే కోర్టు చెప్పింది. ఫలితం ఏ వైపు వస్తుందో ముందుగా ఎవరూ హామీ ఇవ్వలేరు. అది తేలేలోపు బిడ్డ కొత్త బడికి, కొత్త స్నేహాలకు అలవాటు పడిపోతాడు, దూరంగా ఉన్న తండ్రి ఫోను తెరమీద బొమ్మగా మిగిలిపోతాడు. ఆయన నిరాకరణను అంతవరకు నాకు జరిగిన అవమానంగానే తీసుకున్నాను. అందులో ఉన్నది భయమని, ఆ భయానికి ఆధారం ఉందని అప్పుడు ఒప్పుకోవలసి వచ్చింది. ఆయన నా స్థానంలో ఉండి ఉంటే నేనూ అదే భయపడేదాన్ని.

మర్నాడు ఆయనకు సరైన ఉత్తరం రాశాను. ప్రయాణాన్ని ఇరవై ఆరు రోజులకు తగ్గించాను. రానుపోను టికెట్ల నకళ్లు, రాజమండ్రి ఇంటి చిరునామా, అమ్మ శస్త్రచికిత్స తేదీ, బాబు బడి తెరిచే తేదీ జతచేశాను. రోజూ అక్కడ రాత్రి ఎనిమిదికి, అంటే ఇక్కడ మధ్యాహ్నం మూడున్నరకు, తండ్రీకొడుకులు మాట్లాడుకునేలా వేళ నిర్ణయించాను. తిరిగి వచ్చాక బాబు పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) తన దగ్గర ఉంచాలని ఆయన అడిగారు. మొదట మనసుకు కష్టమనిపించినా ఒప్పుకున్నాను. నాలుగు రోజుల తర్వాత సంతకంతో అంగీకార పత్రం వచ్చింది.

ఆ పత్రంతో పాటు బాబు జనన ధృవీకరణ పత్రం కూడా వెంట ఉంచుకోవడం మంచిదైంది. నా పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది, బాబుది తండ్రి ఇంటిపేరు. మన ఇళ్లలో ఇది మామూలే గానీ, తిరుగు ప్రయాణంలో హీత్రూ అధికారి రెండు పేర్లనూ మార్చి మార్చి చూసి, నేను ఏమవుతానని బాబునే అడిగారు. కాగితాలు చూపించాక వెంటనే పంపించారు.

హింస వల్ల ఇల్లు వదిలి వచ్చిన తల్లులు నేను చేసినట్టు నేరుగా ఉత్తరం రాయనక్కరలేదు, రాయకూడదు కూడా. వారు తమ చిరునామా అవతలివారికి తెలియకుండా న్యాయవాది ద్వారా కోర్టును ఆశ్రయించడమే క్షేమం. మన దేశంలో ఉంటూ బిడ్డకు పాస్‌పోర్టు తీసుకోవాలనుకునేవారికి, రెండో వారి సంతకం దొరకనప్పుడు కారణాలు ప్రకటించి ఒక్కరే దరఖాస్తు చేసుకునే అనెక్షర్ సి అనే పత్రం ఉంది. అందులో రాసేదంతా నిజమై ఉండాలి.

ఈ ఏడాది ఉత్తరం టికెట్లు కొనకముందే, మార్చిలోనే పంపాను. రాజమండ్రిలో మా తమ్ముడి ఫోను నంబరు కూడా అందులో చేర్చమని ఆయన అడిగారు. చేర్చాను.