బెరడు మీద రాసిన సముద్రం

ఆస్ట్రేలియా ఈశాన్య ఆర్నెమ్ ల్యాండ్‌లోని యోల్ఙు ఆదివాసుల బెరడు చిత్రాలను అందమైన డిజైన్లు అనుకుని దాటిపోకండి. అవి హక్కు పత్రాలు.

1996లో అక్కడి బ్లూ మడ్ బే దగ్గర, మొసలి రూపంలోని పూర్వీకుడి పవిత్ర స్థలంలో, దొంగచాటుగా బారమండి (మన పండుగప్పే) పట్టేవాళ్ల మకాం బయటపడింది. పక్కనే నరికిన మొసలి తల. దానికి జవాబుగా 47 మంది కళాకారులు 80 బెరళ్ల మీద, ఏ నీళ్లు ఏ వంశానివో గీసి చూపించారు. ఆ చిత్రాలిప్పుడు సిడ్నీ మారిటైమ్ మ్యూజియంవి.

పని తేలికేం కాదు. స్ట్రింగీబార్క్ (ఒక రకం యూకలిప్టస్) చెట్టు బెరడు వానాకాలంలో, రసం పారేటప్పుడే తీయాలి. ఎండల్లో అయితే కాండాన్ని వదలదు, చీలిపోతుంది. పీచు పైపొర చెక్కి, మంట సెగకు కాచి, బరువులు పెట్టి చదును చేస్తారు. సరిగ్గా ఆరకపోతే మళ్లీ చుట్టుకుపోతుంది. ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు రంగుల్ని రాతి మీద అరగదీసి, నీళ్లలో కాస్త జిగురు కలుపుతారు. జిగురు తక్కువైతే రంగు పొడిలా రాలుతుంది. సన్నగీతలకు మర్వత్ అనే కుంచె: పుల్లకు కట్టిన కొన్ని తలవెంట్రుకలు, అంతే. అడ్డదిడ్డంగా కనిపించే ఆ గీతల అల్లిక ఒక్కో వంశానికి ఒక్కోటి, హక్కు లేనివాళ్లు వేయకూడదు.

ఆదివాసులతో సయోధ్య పేరుతో ఆఫీసు గోడకు ఓ ఆదివాసీ చుక్కల బొమ్మ తగిలించడం సులువే. ఇక్కడ మాత్రం ఆ నీళ్ల హక్కు విషయం కోర్టుకెక్కింది. 2008 జులై 30న ఆస్ట్రేలియా హైకోర్టు, అక్కడ అదే అత్యున్నతం, తేల్చింది: ఆదివాసీ భూమి మీదికి పోటెత్తే నీళ్లలో చేపలు పట్టాలన్నా వాళ్ల అనుమతి ఉండాల్సిందే. ఆర్నెమ్ ల్యాండ్ ఉన్న నార్తర్న్ టెరిటరీ తీరంలో దాదాపు 80 శాతానికి అది వర్తిస్తుంది.