గుర్రాన్ని ఎవరు చంపారు? – నా మొదటి నవల రాసిన అనుభవం

తెలుగులో ఇద్దరు ఆడవాళ్ల ప్రేమకథ రాస్తున్నానంటే చాలామంది ‘ఎందుకూ?’ అని అడుగుతారు. అదే కథలో ఒక చావు ఉందంటే మాత్రం ‘ఎవరు చంపారు?’ అంటారు. ఆ రెండో ప్రశ్నే నాకు నచ్చింది. అందుకే డిటెక్టివ్ నవల రాశాను. గోషామహల్ పోలీసు గుర్రపుశాలలో మోతీ అనే గుర్రం అనుమానాస్పదంగా చనిపోతుంది. ఆ కేసు ఎస్సై శైలజ చేతికి వస్తుంది. మోతీ మీద డ్యూటీ చేసే కానిస్టేబుల్ మౌనిక. కథ మొదలయ్యేనాటికే వాళ్లిద్దరూ ప్రేమలో ఉన్నారు. ఈ సంగతి ముందే చెప్పేస్తే సస్పెన్స్ ఏం మిగులుతుందని నన్ను అడగని పబ్లిషర్ లేడు. దాని దగ్గరికే వస్తాను.

నేను అద్దె పుస్తకాల షాపు డిటెక్టివ్ నవలలు చదువుతూ పెరిగాను. అట్ట మీద పిస్తోలు ఉండేది, హంతకుడి పేరున్న ఆఖరి పేజీ ఎవరో చింపేసి ఉండేవారు. వాటిలో ఆడవాళ్లకి దొరికే ఉద్యోగాలు రెండే: సెక్రటరీ, శవం. నేను రాస్తే ఆడవాళ్లే కేసు నడపాలని అప్పట్నుంచీ ఉంది. నేను కూడా ఒకమ్మాయితో కలిసి బతుకుతున్నదాన్ని. కాబట్టి వాళ్లిద్దరి మధ్య ప్రేమ ఉండటానికి నాకు వేరే కారణం వెతుక్కునే పని పడలేదు.

గోషామహలే ఎందుకంటే, 2024లో హైదరాబాద్ సిటీ పోలీసు గుర్రాలు ఉన్నది అక్కడి స్టేడియం ఆవరణలో. గణేశ్ నిమజ్జనం రోజు, మొహర్రంలో బీబీ కా ఆలం ఊరేగింపు రోజు అవి బందోబస్తుకి వస్తాయి. జనం మధ్య నిలబడ్డ కానిస్టేబుల్‌కి ముందున్న నాలుగు తలకాయలు కనిపిస్తాయి. గుర్రం మీదున్న మనిషికి వీధి చివర దాకా కనిపిస్తుంది. సాక్షి అంటే అలా ఉండాలి. 2025 జనవరిలో ఆ స్టేడియం స్థలంలోనే ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. నా కథ 2024 నిమజ్జనం అయిన వారంలో నడుస్తుంది కనుక నా గుర్రాలు పాత చోటే ఉన్నాయి. అశ్వికదళంలో మహిళా కానిస్టేబుల్‌ని మాత్రం నేను కల్పించుకున్నాను.

పోలీసు పని గురించి చెప్పింది మా నాన్నగారి స్నేహితుడు, రిటైరైన ఇన్‌స్పెక్టర్. నేను బాబాయ్ అంటాను. ముందు నా ఆలోచనలో హీరోయిన్ పోలీసు ఒక్కతే. గుర్రం మీద తిరిగే మౌనికే నేరం కూడా పట్టుకుంటుంది. బాబాయ్ టీ తాగుతూ మొత్తం విని, ‘మౌంటెడ్ వాళ్లు ఆర్ముడ్ రిజర్వు కిందకొస్తారమ్మా. బందోబస్తు చేస్తారు, ఎస్కార్టు వెళ్తారు. దర్యాప్తు వాళ్ల పని కాదు. నీ పిల్ల ఎవర్నీ కూర్చోబెట్టి ప్రశ్నలడగలేదు’ అన్నారు. అలా సివిల్ ఎస్సై శైలజ పుట్టింది. వాళ్లిద్దరి సంగతి ఆయనకి ఎలా చెప్పాలా అని నాకు లోపల టెన్షన్. చివరికి ఒకే వాక్యంలో చెప్పేశాను. ఆయన కాసేపు టీ కప్పు వైపు చూసి, ‘దర్యాప్తు అధికారికీ సాక్షికీ సంబంధం ఉంటే కేసు కోర్టులో నిలబడుతుందా? డిఫెన్స్ లాయరు చీల్చి చెండాడతాడు. ముందా ఎస్సైని కేసులోంచి తప్పించు’ అన్నారు. ఆయనకున్న అభ్యంతరం అదొక్కటే!

ఆ మాటతోనే నవలకి ముడి దొరికింది. కేసు వదులుకోవాలంటే శైలజ తన ఇన్‌స్పెక్టర్‌కి కారణం చెప్పాలి. కారణం చెబితే స్టేషనంతా తెలుస్తుంది, అక్కణ్నుంచి సూర్యాపేటలో అమ్మానాన్నల దాకా వెళ్తుంది. చెప్పకపోతే దొరికిన దొంగని కూడా కోర్టు వదిలేస్తుంది. ఇటు మౌనిక, మోతీ చనిపోయిన రాత్రి తానెక్కడుందో డిపార్ట్‌మెంటుకి చెప్పదు, ఎందుకంటే ఉన్నది శైలజ ఇంట్లో. పై అధికారులకి ఆమె మీదే అనుమానం. పాఠకులకి మాత్రం ఆమె ఎక్కడుందో మొదటి అధ్యాయంలోనే తెలుసు. ఇద్దరిలో ఎవరు ముందు నోరు విప్పుతారా అన్నదే టెన్షన్.

చట్టం సంగతి చూద్దును కదా, రాస్తుండగానే అది మారిపోయింది. మొదలుపెట్టినప్పుడు ఐపీసీ ఉంది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. గుర్రాన్ని చంపితే పాత లెక్కలో 429వ సెక్షన్, కొత్త లెక్కలో 325. శిక్ష మహా అయితే అయిదేళ్లు. ఏడేళ్లూ అంతకు మించీ శిక్ష పడే నేరాలకే ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి రావడం తప్పనిసరని దర్యాప్తు ఎలా చేయాలో చెప్పే కొత్త నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ అంటుంది. అంటే మోతీ కోసం ఎవరూ పరిగెత్తుకు రారు. శైలజ తనే బతిమాలుకుని శాంపిల్స్ రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ లేబొరేటరీకి పంపించాలి. ఇంకో మేలు కూడా జరిగింది. అదే చట్టం 105వ సెక్షన్ ప్రకారం సోదాని వీడియో తీయాలి, సెల్‌ఫోన్‌తో తీసినా చాలు. మోతీ గడ్డితొట్టి మీదుగా ఆ కెమెరా అలవోకగా కదిలిపోతుంది. నా క్లూ అందులోనే పెట్టాను.

అప్పట్లో పాత సెక్షన్లకి ఎదురుగా కొత్త నంబర్లు వేసిన పట్టికలు అందరి ఫోన్లలో తిరిగాయి. నవలలో అది స్టేషన్ గోడకి అంటించి ఉంటుంది. స్వలింగ సంబంధాలని నేరంగా చూసిన 377ని పెద్దల పరస్పర అంగీకారానికి వర్తింపజేయడం చెల్లదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6నే తేల్చింది. కొత్త సంహితలో ఆ సెక్షనే లేదు. కాబట్టి పట్టికలో 377కి ఎదురుగా గడి ఖాళీ. వాంగ్మూలం ఇవ్వడానికి వచ్చిన మౌనిక ఎవరూ చూడకుండా ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి, ‘మనిద్దరం ఇక్కడున్నాం మేడమ్’ అంటుంది. నవల మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రేమ సన్నివేశం ఇదే.

గుర్రాల గురించి చదివితే చాలదని తెలుస్తూనే ఉంది. ఊరి చివర ఒక రైడింగ్ స్కూల్లో చేరాను. ఎక్కడం కోసం చేరినదాన్ని, ఎక్కువ సమయం కింద నిలబడే గడిపాను. అక్కడ పాతబస్తీ నుంచి వచ్చే సయీసు, అంటే గుర్రాల్ని చూసుకునే చాచా ఒకాయన ఉండేవారు. గుర్రానికి సరిగ్గా ముందూ, సరిగ్గా వెనకా కనిపించదు, మిగతా చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. అందుకే భుజం పక్క నుంచి వెళ్లాలి, వెళ్తూ మాట్లాడుతూ ఉండాలి. ‘క్యా మాట్లాడినా పర్వాలేదు బేటీ, ఆవాజ్ ముఖ్యం’ అనేవారు చాచా.

డెక్క శుభ్రం చేయడం నేర్చుకోవడానికి నాకు చాలా పట్టింది. గుర్రం తల ఎటుందో దానికి మన వీపు పెట్టి భుజం ఆనించి నిలబడాలి. అరచేయి భుజం మీది నుంచి కిందికి జారుస్తూ రావాలి, మధ్యలో చేయి తీయకూడదు. మడమ పైన నరం దగ్గర మెల్లగా నొక్కితే బరువు పక్క కాలు మీదికి మార్చి డెక్క మన చేతిలో పెడుతుంది. లాడం లోపల అంచున పేడ, మట్టి గట్టిపడి ఉంటాయి. కొక్కెంతో మడమ వైపు నుంచి ముందుకి గీకాలి. మధ్యలో ‘వి’ ఆకారంలో మెత్తటి భాగం ఉంటుంది, దాన్ని గుచ్చకూడదు. గుర్రం ఇష్టంగా ఇస్తేనే ఇదంతా జరుగుతుంది, అర టన్ను బరువున్న జంతువుని మనం బలవంతంగా కాలెత్తించలేం. శైలజ, మౌనిక మొదట్లో దగ్గరైన సన్నివేశాన్ని ఇక్కడే పెట్టేశాను. ఎస్సై ఖాకీ ప్యాంటు మోకాళ్ల దాకా పేడ, కానిస్టేబుల్ ఆమె చేయి పట్టుకుని ఎక్కడ నొక్కాలో చూపిస్తోంది. వాన, టెర్రస్, జారిన చున్నీ వగైరాలు నా వల్ల కావు.

విషం దగ్గర చాలాకాలం ఆగిపోయాను. గుర్రం వాంతి చేసుకోలేదు. తిన్నది పొరపాటైనా సరే లోపలే ఉంటుంది. ఒక పశువైద్యురాలు నాకు రెండు దారులు చెప్పారు. ఒకటి మోనెన్సిన్. కోళ్లకి కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు రాకుండా దాణాలో కలిపే మందు. కోళ్లకి మేలు చేసేదే గుర్రం గుండె కండరాన్ని పాడుచేస్తుంది, కొద్ది మోతాదే చాలు. మన చుట్టూ ఇన్ని కోళ్ల ఫారాలున్నాయి కాబట్టి మొదట అదే నచ్చింది. కానీ అదొక పొడి. గుగ్గిళ్లలో కలిపితే పాఠకులకి కనపడదు, లేబొరేటరీ రిపోర్టు వచ్చేదాకా కథ చేతులు కట్టుకుని కూర్చోవాలి. డిటెక్టివ్ నవలలో క్లూ పాఠకుల కళ్లెదుటే ఉండాలి, చూసి కూడా వదిలేసేలా ఉండాలి.

రెండోది గన్నేరు. మన రోడ్ల డివైడర్ల మీద, గుళ్ల పక్కన, కాలనీ గోడల వెంట ఎక్కడ చూసినా అదే. పచ్చి ఆకు చేదు, గుర్రం మామూలుగా ముట్టుకోదు. ఎండిన ఆకు గడ్డిలో కలిస్తే తినేస్తుంది, ఎండినా విషం పోదు. గుండె లయ తప్పి పడిపోతుంది. కాస్తంత ఆకే చాలు. పొడుగ్గా, సన్నగా, నడిమి ఈనె లావుగా, దాని నుంచి పక్క ఈనెలు దువ్వెన పళ్లలా దగ్గరదగ్గరగా ఉండే ఆ ఆకు శైలజ వీడియోలో రెండు క్షణాలు కనిపిస్తుంది. కొమ్మలు కత్తిరించినవాళ్లు పడేసిన చెత్త గడ్డిమోపులో కలిసిందా, ఎవరైనా కావాలని కలిపారా? నవలలో సగం ఆ ప్రశ్నే. జవాబు ఇక్కడ చెప్పను.

రాసింది రాసినట్టు మొదట చదివేది నాతో ఉండే అమ్మాయే. ఎర్ర పెన్నుతో ఆమె పెట్టిన పెద్ద ఫిర్యాదు: ‘వీళ్లిద్దరూ అసలు పోట్లాడుకోరేంటి?’ నిజమే అనిపించి గ్యాస్ బుక్ చేయడం ఎవరి వంతు అనే గొడవ ఒకటి పెట్టాను. హంతకుడి ఇంటరాగేషన్ కంటే అది రాయడమే సులువైంది. మాకు ప్రాక్టీసు ఎక్కువ.

తర్వాత పబ్లిషర్ల వంతు. ఒకరు చదివి, ‘ఇద్దరి సంగతి ఆఖర్న బయటపెట్టండి మేడమ్, ట్విస్టు అదిరిపోతుంది’ అన్నారు. ఆయన మంచి ఉద్దేశంతోనే చెప్పారు. కానీ డిటెక్టివ్ నవలలో ఆఖర్న బయటపడేది నేరం. హంతకుడు కూర్చోవాల్సిన కుర్చీలో నా అమ్మాయిల ప్రేమని కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. డిపార్ట్‌మెంటు దగ్గర వాళ్లు దాచుకోవచ్చు, అది వాళ్ల బతుకు. పాఠకుల దగ్గర నేను దాచను. రహస్యమంటూ ఉంటే అది గడ్డితొట్టిలో ఉండాలి. ఇంకొకరు ‘గాఢమైన స్నేహం’గా మార్చమన్నారు. మరొకాయన ఇద్దర్లో ఒకరు చనిపోతే పాఠకులు కన్నీళ్లు పెట్టుకుంటారన్నారు. ‘గుర్రం చచ్చిపోయింది కదండీ, చాలదా?’ అన్నాను. ఆయన నవ్వలేదు.

ముగింపు గురించి నాకు నాతోనే పేచీ. ప్రేమకథ సుఖాంతం కావాలి. మన దగ్గర సుఖాంతం అంటే పెళ్లి. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకి చట్టబద్ధత ఇవ్వలేమని చెప్పేసింది. విదేశాలకి పంపించేసి పెళ్లి చేయడం నాకు దొంగదారిలా అనిపించింది, మౌనిక గుర్రాలనీ వదిలి వెళ్లదు. అప్పుడు పేపర్లో ఒక చిన్న వార్త కంటపడింది. క్వీర్ జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికీ, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికీ ఆంక్షలేమీ లేవని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. కథాకాలానికి అచ్చంగా సరిపోయింది. ఆఖరి అధ్యాయంలో ఇద్దరూ బ్యాంకు కౌంటర్ ముందు నిలబడతారు. ఫారంలో ‘సంబంధం’ అన్న గడి దగ్గర క్లర్కు పెన్ను ఆగుతుంది. తర్వాత ఆధార్ జిరాక్సు సరిగా రాలేదని వెనక్కి పంపుతుంది. ఆ చిరాకు నాకు మూడుముళ్ల కంటే ఎక్కువ సంతోషాన్నిచ్చింది, ఎందుకంటే అందరు దంపతులకీ జరిగేది అదే.

పుస్తకం నేనే వేసుకున్నాను. ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి దరఖాస్తు చేస్తే ఇస్తారు. డబ్బు తీసుకుని ఇప్పిస్తామనేవాళ్లు తగులుతారు, వద్దనండి. డెమీ 1/8 అనే పుస్తకం సైజులో ఫారానికి, అంటే ఒకసారి అచ్చేసి మడిచే కాగితానికి 16 పేజీలు. ఫారాల లెక్కకి సర్దడానికి నేను కోసేసిన పేజీల్లో రేసుకోర్సు అధ్యాయం పోయింది. మలక్‌పేట గుర్రాల గురించి అంత సేకరించి పక్కన పెట్టడం కష్టంగానే ఉంది. డీటీపీలో యూనికోడ్‌ని పాత ఫాంటులోకి మార్చినప్పుడు కొన్ని వత్తులు ఎగిరిపోయి ‘అశ్వం’ కాస్తా ‘అశం’ అయింది. ప్రూఫు మూడుసార్లు కాదు, విసుగొచ్చేదాకా చూడాల్సిందే. బాబాయ్‌కి మొదటి కాపీ ఇస్తే రెండు రోజుల్లో ఫోన్ చేసి, పంచనామాలో సాక్షుల సంతకాలు ఎక్కడ పెట్టించానో చూపించలేదని మందలించారు. అమ్మాయిల గురించి, ‘ఆ బ్యాంకు పని అయిందా మరి?’ అని మాత్రం అడిగారు.

పక్కన పెట్టిన మోనెన్సిన్ ఇప్పుడు రెండో నవలకి పనికొస్తోంది. ఈసారి చావు జరిగేది షాద్‌నగర్ వైపు ఒక కోళ్ల ఫారం దగ్గర. అది సిటీ కమిషనరేట్ దాటిపోతుంది కాబట్టి శైలజకి అక్కడ అధికారం లేదు. ఏం చేస్తే ఆమె అక్కడికి సెలవు మీదైనా వెళ్లగలదో కనుక్కోవడానికి వచ్చే ఆదివారం బాబాయ్ దగ్గరికి వెళ్తున్నాను.