పాత రక్తపరీక్షలో దొరికిన జవాబు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాను. మిరప సీజన్ అంతా బస్తాల మధ్యే నా పని. అందుకే ఆయాసం మొదలైనప్పుడు అందరూ మిరప ఘాటునే నిందించారు. కానీ యార్డు ఖాళీగా ఉండే వానాకాలంలోనూ రాత్రిళ్లు పిల్లికూతలు ఆగేవి కావు. ఇన్‌హేలర్ క్రమం తప్పకుండా వాడుతున్నా ఏటా పలుమార్లు నెబ్యులైజర్ పెట్టించుకోవలసి వచ్చేది. ఆ తర్వాత ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు. వాటితో ఊపిరి ఆడేది, కానీ ముఖం ఉబ్బేది, షుగర్ పెరిగేది.

హనుమకొండలో ఒక ఛాతీ వైద్యురాలు నా ఫైలంతా తిరగేసి, మాత్రలు మొదలుపెట్టకముందు చేయించిన రక్తపరీక్షను వెతికి తీశారు. "స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ఈసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు తగ్గిపోతాయండీ. అసలు సంగతి ఈ పాత కాగితమే చెబుతుంది" అన్నారు. అందులో అవి మైక్రోలీటరుకు 740 ఉన్నాయి, అంటే ఎక్కువే. కడుపులో పురుగులున్నా అవి పెరుగుతాయి కనుక ముందు మలపరీక్ష చేయించారు. ఏమీ లేదని తేలింది.

అప్పుడు ఇంటర్‌ల్యూకిన్-5 గురించి వివరించారు. రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకొనే ప్రోటీన్లలో అదొకటి. ఎముక మజ్జలో ఈసినోఫిల్స్‌ను ఎదిగించేదీ, ఆ తర్వాత వాటిని బతికించి ఉంచేదీ అదే. అవి శ్వాసనాళాల్లో చేరి వాపు తెస్తాయి. మెపోలిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఆ ప్రోటీన్‌నే పట్టుకుని కణాలదాకా చేరనివ్వదు. ఈ మందును మొదట్లో ఆస్తమా రోగులను ఈసినోఫిల్స్ లెక్క చూడకుండా ఎంచుకుని ఇచ్చినప్పుడు పెద్దగా ఫలితం కనబడలేదట. అవి ఎక్కువగా ఉన్నవారికే ఇచ్చినప్పుడు ఆయాసం తిరగబెట్టడం తగ్గిందని 2009లో వెలువడిన పరిశోధనలు చూపాయి. 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. మందు మారలేదు, ఎవరికివ్వాలో తెలిసింది! ఉబ్బసం ఉన్నవాళ్లందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయమని అప్పటినుంచి కనిపించిన ప్రతివారికీ చెబుతున్నాను.

నాలుగు వారాలకోసారి 100 మిల్లీగ్రాములు, చర్మం కింద ఇస్తారు. ధర మా ఇంటికి పెద్ద బరువు. అన్నయ్య, బావ చేయి కలపకపోతే సాగేది కాదు. ఆ ఏడు చలికాలం నెబ్యులైజర్ లేకుండా గడిచింది. మాత్రలను హఠాత్తుగా మానితే ప్రమాదం కనుక, డాక్టరమ్మ చెప్పినట్లు మెల్లమెల్లగా తగ్గించి ఆపాను.

ఇన్‌హేలర్ మాత్రం రోజూ రెండు పూటలా ఉంది. ఘాటు సంగతి వేరు. అది నేరుగా గొంతులోని, శ్వాసనాళాల్లోని నరాలను రేపుతుంది, దాన్ని ఈ ఇంజెక్షన్ ఆపలేదు. అందుకని సీజన్‌లో కాంటాల దగ్గరికి వెళ్లకుండా లోపల లెక్కలు చూసే పనికి మారాను.