మెట్ల దగ్గర పది నిమిషాలు

మూడు వారాలు ఆ నంబర్ ఫోన్‌లో దాచుకుని తిరిగాను, చేసే ధైర్యం చాల్లేదు. చివరికి అక్కే పక్కన కూర్చుని తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం హెల్ప్‌లైన్‌కి కలిపి ఫోన్ నా చేతిలో పెట్టింది. అవతలి ఆయన ఊరూ పేరూ అడగలేదు, "ఈరోజు తాగారా బాబూ?" అని మాత్రం అడిగి, మా ఇంటికి దగ్గర్లోనే ఒక చర్చి వెనక గదిలో సాయంత్రం ఏడింటికి మీటింగ్ ఉందన్నాడు.

తెలిసినవాళ్లు చూస్తే పరువు పోతుందని మెట్ల దగ్గరే పది నిమిషాలు నిలబడిపోయాను. లోపల పన్నెండు మంది, ప్లాస్టిక్ కుర్చీలు, స్టీలు గ్లాసుల్లో టీ. నా చెయ్యి వణికి టీ ఒలికితే, పక్కనున్న పెద్దాయన ఏమీ అనకుండా గ్లాసు తీసుకుని సగం వంపేసి మళ్లీ నా చేతికిచ్చాడు, ఆయనకీ మొదట్లో అలాగే వణికేదట.

1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఇద్దరు తాగుడు బాధితులు ఒకరి బాధ ఒకరికి చెప్పుకోవడంతో మొదలైంది ఈ సంఘం. ఫీజు లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. మాట్లాడమని ఎవరూ బలవంతపెట్టలేదు, నేను ఊరికే విన్నాను.

రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, దయచేసి ముందు డాక్టర్‌ని కలవండి. ఇంట్లోవాళ్లకి అల్-అనాన్ అని వేరే గ్రూపులున్నాయి, వచ్చేవారం అక్క దానికి వెళ్తోంది.