మిడ్జెట్ మళ్లీ వారధి మీదే ఆగింది

నా పాత కారు మిడ్జెట్ దారిలో ఆగిపోవడం ఇది నాలుగోసారి. అదే కనకదుర్గ వారధి, దాదాపు అదే దీపస్తంభం. పటమటలో బయలుదేరి 24 నిమిషాలైంది. మొదట చిన్న తడబాటు, తర్వాత కార్బ్యురేటర్లలో (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకిచ్చే భాగాలు) రెండు తుమ్ములు, ఆపైన నిశ్శబ్దం. వెనుక లారీ డ్రైవరు హారన్ కొట్టలేదు సరికదా, దిగివచ్చి పక్కకు తోశాడు. ఇంత బుల్లి కారును తోయడం ఆయనకు సరదాగా ఉన్నట్టుంది. నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

1970 ఎంజీ మిడ్జెట్, 1275 సీసీ, ఎస్‌యూ కంపెనీ హెచ్‌ఎస్2 రకం జంట కార్బ్యురేటర్లు. వాటి మరమ్మతు పోయిన నెలే ముగించాను. వాటి గిన్నెల్లో పెట్రోలు మట్టాన్ని అదుపుచేసే ఫ్లోట్లు సరిచేశాను, రెండింటి గాలినీ సమానం చేశాను, పొద్దున్నే మొదటి తిప్పుకే అందుకుంటోంది. ఎస్‌యూలు పీకేసి వెబర్ కంపెనీ కార్బ్యురేటర్ పెట్టమని సలహా ఇచ్చేవారికి ఒక నమస్కారం.

ఆగినప్పుడల్లా ఆటోనగర్ పెద్ద మేస్త్రీ మాటే గుర్తొచ్చేది. చూడగానే తేల్చేశారాయన: “ఆవిరి పట్టిందండీ. మన బెజవాడ ఎండకు ఇది మామూలే.” అంటే వేడికి పెట్రోలు గొట్టాల్లోనే ఆవిరై ఇంజనుకు అందడం లేదని. కొట్టిపారేసే మాట కాదు. ఈ ఇంజనులో పెట్రోలు లోపలికి వెళ్లేదీ, పొగ బయటికి వచ్చేదీ ఒకే పక్క. వేడి నేరుగా కార్బ్యురేటర్లకు తగులుతుంది. పంపు మీద తడిగుడ్డ వేయించారు. పది నిమిషాల్లో కారు స్టార్టయింది. ఇంకేం, నేను ఓడిపోయాను.

కానీ ప్రీమియర్ పద్మిని కారులోలా దీని పెట్రోలు పంపు ఇంజనుకు అంటుకుని ఉండదు. వెనుక, ఇరుసు దగ్గర ఉంటుంది. అక్కడికి ఇంజను వేడి ఎలా చేరుతుంది? మరుసటి వారం తడిగుడ్డ చుట్టుకునే బయలుదేరాను. 26 నిమిషాలకు ఆగింది.

అప్పుడు కొలవడం మొదలుపెట్టాను. కార్బ్యురేటర్ దగ్గర గొట్టం ఊడదీసి సీసాలో పెట్టి నిమిషం లెక్కపెట్టాను. చల్లగా ఉన్నప్పుడు 520 మిల్లీలీటర్లు వచ్చింది. పంపు ఆరోగ్యంగానే ఉంది. ఆగిపోయిన వెంటనే అదే పరీక్ష చేస్తే 60 కూడా రాలేదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో, లీటరుకు 11 కిలోమీటర్ల చొప్పున లెక్కేసినా ఇంజనుకు నిమిషానికి 75 కావాలి. ఫ్లోటు గిన్నెల్లో ఉన్నది తాగేసి ఆకలితో ఆగిపోతోందన్నమాట.

అసలు ఆధారం నా పొరపాటు వల్ల దొరికింది. మూడోసారి ఆగినప్పుడు పంపు టిక్కుటిక్కు విందామని తాళం తిప్పే ఉంచి, బోనెట్ ఎత్తి కూర్చున్నాను. ఇరవై నిమిషాలైనా కారు కదలలేదు. విసుగొచ్చి తాళం తీసేసి మంచినీళ్లు తాగి వచ్చాను. ఆరు నిమిషాలకే స్టార్టయింది! ఆవిరే అయితే తాళంతో దానికేం పని? మేస్త్రీ గారు తడిగుడ్డ వేసేముందు తాళం తీయించారు. పని చేసింది గుడ్డ కాదు.

నాలుగోసారి కారు కిందకు దూరాను. పంపు చప్పుడు లేదు, చెయ్యి పెడితే చురుక్కుమంది. మీటరు తగిలిస్తే మూడున్నర ఆంపియర్లు నిలకడగా పోతున్నాయి. దీని పంపూ ఎస్‌యూదే. అందులో కరెంటుతో పనిచేసే అయస్కాంతం డయాఫ్రమ్ అనే పలుచని పొరను లాగి పెట్రోలు పీలుస్తుంది, స్ప్రింగు దాన్ని ముందుకు తోస్తుంది. కార్బ్యురేటర్ల వైపు దారి మూసుకుపోతే పాయింట్లు (కరెంటు కలిపే స్విచ్చు) తెరుచుకుని కరెంటు ఆగిపోతుంది. కరెంటు పోతూనే ఉంది, పంపు కాలుతోంది అంటే పీల్చలేక సగంలో బిగుసుకుందని. అడ్డు ట్యాంకు వైపే ఉంది. తాళం తీస్తే లాగుడు ఆగి, అడ్డుపడినది జారిపోతోంది. ట్యాంకు మూత వదులు చేసి చూశాను, మార్పు లేదు, అంటే ట్యాంకులోకి గాలి వెళ్లక పెట్రోలు రాని సమస్య కాదు.

రూఢి చేసుకోవడానికి డిక్కీలో అయిదు లీటర్ల రేకు డబ్బా కట్టి పంపుకు నేరుగా గొట్టం ఇచ్చాను. పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకున్నాననుకోండి, మీరు మాత్రం చేయకండి. మంగళగిరి దాటి కాజ దాకా పోయి వచ్చాను. 52 నిమిషాలు, ఒక్క తుమ్ము లేదు.

ట్యాంకు దించితే పీల్చే గొట్టం కడిగిన ముత్యంలా ఉంది. ఒక్క క్షణం గుండె జారింది. దించిన పెట్రోలును పాత పంచెలో వడపోశాక తెలిసింది. చల్లారిన పాల మీగడలాంటి పొరలు, గోరంతవి కొన్ని, అరచెయ్యంతది ఒకటి. వేలితో నలిపితే జిగురుగా సాగాయి. వెనక వైపు తుప్పు అంటుకుని ఉంది. తుప్పు ఆపడానికి పాత యజమాని ఎప్పుడో లోపల పూత వేయించాడు, అదే ఊడుతోంది. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు దాన్ని మెత్తబరిచిందని నా అనుమానం. పూత కింద తుప్పు పెరిగి పైకి నెట్టిందా అన్నది రెండో అనుమానం. రెండూ కలిసే చేసి ఉండవచ్చు. మొత్తానికి ట్యాంకుకు లోపూత వేయడమంటే నాకిక నమ్మకం పోయింది. పంపు తర్వాత పెట్టుకున్న పారదర్శక ప్లాస్టిక్ ఫిల్టరూ అలంకారానికే మిగిలింది. చెత్త దాని దాకా వస్తే కదా!

పాత ట్యాంకును కోసి లోపల గీకి మళ్లీ అతికిస్తామన్నారు ఒకరు. ఏళ్ల తరబడి పెట్రోలు నిల్వ ఉన్న ట్యాంకు మీద వెల్డింగ్ నిప్పు పెట్టడానికి నాకు ధైర్యం లేదు. స్టెయిన్‌లెస్ స్టీలుతో కొత్తది చేయించాలనుకుంటున్నాను. అట్ట నమూనా కత్తిరించాను, కానీ నింపే గొట్టం వంపు ఇంకా కుదరలేదు. ఈలోగా రబ్బరు గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేస్తాను. ట్యాంకు సంక్రాంతిలోపు వస్తే బాపట్ల మీదుగా సూర్యలంక వెళ్లాలి. అందాకా పాతది మెట్ల కింద ఉంటుందన్నాను. పెట్రోలు వాసన పడక రేపటికల్లా తీసేయమని ఇంట్లో ఆర్డరు వేశారు.